మానసిక చికిత్సలో ఉన్న యువతతో గోడబొమ్మ: ఉప్పు గోడ నుంచి చివరి రోజు దాకా

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గోడబొమ్మలను ఎక్కువగా పాడుచేసేది ఉప్పు. బోరు నీళ్లతో కట్టి, ఆ నీళ్లతోనే తడిపిన గోడ లోపల లవణాలు ఉండిపోతాయి. వానాకాలంలో చెమ్మ ఎక్కినప్పుడు కరుగుతాయి, గోడ ఆరేటప్పుడు పైకొచ్చి తెల్లగా పూస్తాయి. పైన రంగు ఉంటే దాన్ని తోసుకుని వస్తాయి. ముందు పొక్కులు, తర్వాత పెచ్చులు. మామూలు గోడైతే మళ్లీ రంగు వేయించుకుంటే అయిపోతుంది. డిప్రెషన్ నుంచి కోలుకుంటున్న పదిహేడేళ్ల పిల్ల పది వారాలు వచ్చి వేసిన బొమ్మ తొలి వానకే ఊడిపోతే మాత్రం, "నేనేం చేసినా నిలువది" అని ఆమె అప్పటికే నమ్ముతున్న మాటకు గోడ కూడా సాక్ష్యం పలికినట్టవుతుంది. అందుకే ఇక్కడ చెమ్మ పరీక్షనూ, రంగుకు ముందు వేసే ప్రైమర్‌నూ కౌన్సెలింగ్ గదిలో జరిగే పనితో సమానంగా రాస్తున్నాం.

ఇలాంటి పనికి బయట మంచి నమూనా ఉంది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1984లో గోడల మీది పిచ్చిరాతలను అరికట్టడానికి మొదలైన కార్యక్రమం క్రమంగా 'మ్యూరల్ ఆర్ట్స్' అనే సంస్థగా ఎదిగింది. అది ఆ నగర మానసిక ఆరోగ్య విభాగంతో కలిసి 'పోర్చ్ లైట్' పేరుతో చికిత్సలో ఉన్నవాళ్లనూ, ఆ వీధివాళ్లనూ ఒకే గోడ దగ్గరికి తెచ్చింది. మనం అక్కడి నుంచి తీసుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఆ కలయికే. రోగులను మాత్రమే వరుసగా నిలబెట్టి బొమ్మ వేయిస్తే, ఆ పిల్లలను వీధి వేలెత్తి చూపిస్తుంది.

ఎవరు ఉండాలి

14 నుంచి 24 ఏళ్ల వాళ్లు, జట్టుకు 8 మంది చాలు. అందులో ఐదారుగురు చికిత్సలో ఉన్నవాళ్లు, మిగతావాళ్లు ఆ వాడ పిల్లలో, అక్కలో తమ్ముళ్లో అయితే దారిన పోయేవాళ్లకు ఎవరు ఎవరో తెలియదు. 14 ఏళ్ల వాళ్లనూ 24 ఏళ్ల వాళ్లనూ ఒకే జట్టులో కలపకండి. 14–17 ఒక జట్టు, 18–24 ఒక జట్టు. మొదటి రెండు వారాల తర్వాత కొత్తవాళ్లను చేర్చుకోవద్దు. పిల్లలు మాట్లాడటం మొదలుపెట్టేది సాధారణంగా మూడో వారంలో. అప్పుడు కొత్త ముఖం కనిపిస్తే మళ్లీ మూసుకుపోతారు.

పెద్దవాళ్లు ముగ్గురు కావాలి. ఒకరు మానసిక ఆరోగ్య రంగంలో శిక్షణ ఉన్నవాళ్లు: సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, లేదా నర్సు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందినీ, మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల సైకియాట్రీ విభాగాన్నీ అడగండి. ఈ మనిషి దొరక్కపోతే పని చేయండి కానీ దాన్ని చికిత్స అని పిలవకండి. రెండో మనిషి పెయింటర్. ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన సైన్‌బోర్డు ఆర్టిస్టులు ప్రతి పట్నంలో ఉన్నారు. పెద్ద కొలతలో గీత తప్పకుండా లాగడం వాళ్లకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. ఆయనకు ముందే ఒక్క మాట చెప్పాలి: పిల్లలు వేసినదాన్ని వాళ్లు వెళ్లాక దిద్దవద్దు. మంచి చేతికి వంకర గీత కనిపిస్తే దిద్దకుండా ఉండటం కష్టమే. కానీ మరుసటి వారం వచ్చిన పిల్లవాడు తన గీత తనది కాకుండా పోయిందని ఒక్క చూపులో పసిగడతాడు.

మూడో మనిషి పని రోడ్డు వైపు నిలబడటం. "ఏం చేస్తున్రు? వీళ్లెవరు?" అని అడిగే ప్రతివాళ్లకూ ఆయనే జవాబు చెప్పాలి. జవాబు ముందే అనుకోండి: "మన ఊరి పిల్లలు బొమ్మ వేస్తున్నరు." ఇంకో మాట అక్కర్లేదు. ఈ మనిషి లేకపోతే ఆ ప్రశ్నలన్నీ పిల్లల వీపుల మీద పడతాయి. గోడ వైపు తిరిగి పని చేసేవాళ్లకు వెనక ఎవరు నిలబడి చూస్తున్నారో కనిపించదు. తనను ఎవరో గమనిస్తున్నారనే భయంతో ఇప్పటికే సతమతమవుతున్నవాళ్లకు ఇది మామూలు ఇబ్బంది కాదు. గోడకు ఆరడుగుల దూరంలో తాడు కట్టండి.

సైకోసిస్ (లేనివి వినిపించడం, కనిపించడం, భ్రమలు) తీవ్రంగా ఉన్నవాళ్లు, ఉన్మాద దశలో ఉన్నవాళ్లు, చనిపోవాలనే ఆలోచన బలంగా ఉన్నవాళ్లు ఈ జట్టుకు ఇప్పుడే వద్దు. డాక్టర్ సరే అన్నాక వస్తారు. వార్డులో ఉన్నవాళ్ల కోసం ఇంకో దారి ఉంది: సిమెంట్ ఫైబర్ బోర్డును దుకాణంలోనే 2 అడుగుల చదరపు ముక్కలుగా కోయించి, రెండు వైపులా ప్రైమర్ వేసి ఇస్తే కూర్చున్నచోటే వేస్తారు. తర్వాత ఆ ముక్కలను పెద్ద బొమ్మలో వాటి చోట స్క్రూలతో బిగించవచ్చు. కోత పని మాత్రం వార్డులో చేయకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడు.

గోడను ఎంచడం

అందమైన కూడలి, అందరికీ కనిపించే గోడ అని మొదలుపెడతాం. ముందు చూడాల్సింది ఎండను. తూర్పు ముఖం గోడకు మధ్యాహ్నం రెండు తర్వాత నీడ వస్తుంది. పొద్దున పూట మందుల మత్తు ఉండేవాళ్లకు కూడా మధ్యాహ్నమే నయం. ఉత్తర ముఖం ఇంకా మంచిది. పడమటి గోడ అయితే పొద్దున పదిన్నర లోపు ముగించాలి. ఎండలో కాలుతున్న గోడ మీద ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) వేస్తే నీరు క్షణాల్లో ఇగిరిపోయి రంగు గోడను పట్టుకోకముందే పొర కడుతుంది. బ్రష్ లాగిన చారలు అలాగే నిలుస్తాయి.

తర్వాత గోడను పిడికిలితో తట్టుకుంటూ పోండి. డొల్ల చప్పుడు వచ్చిన చోట ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. అక్కడ కొట్టి మళ్లీ పూయించాలి. కొత్త పూత ఆరడానికి, దాని క్షారం తగ్గడానికి కనీసం 28 రోజులు ఆగాలి. తొందరపడి వేస్తే రంగు మచ్చలు మచ్చలుగా పాలిపోతుంది. అరచేతితో రుద్ది చూడండి. చేతికి తెల్లగా అంటితే అది పాత సున్నం. ఊళ్లలో సగం గోడలు ఇలాంటివే. సున్నం మీద ఎమల్షన్ నిలవదు, సున్నాన్ని కూడా లాక్కుని చాప చుట్టినట్టు ఊడుతుంది. మొత్తం గీకించాల్సిందే.

చెమ్మకు పరీక్ష: అడుగున్నర చదరపు పాలిథిన్ ముక్కను నేల నుంచి అడుగు ఎత్తులో ఒకటి, ఛాతీ ఎత్తులో ఒకటి, నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి 24 గంటలు వదిలేయండి. వెనక నీటి బొట్లు పడితే ఆ గోడను వదిలేయండి, లేదా చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోండి. సాధారణంగా గోడ అవతల నల్లా గుంటో, బాత్రూమో, పైన నీళ్లు నిలిచే తలకట్టో ఉంటుంది. ఉప్పు పూసి ఉంటే పొడి బ్రష్‌తో దులిపి, పొడిని ఎత్తి పారేయండి. కడగకండి. నీళ్లు పోస్తే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. రెండు వారాలు ఆగి చూసి, మళ్లీ పూయకపోతేనే ముందుకు వెళ్లండి.

గీకే పని, ఎమరీ పేపర్ పని పిల్లలతో చేయించవద్దు. దుమ్ము ఒక కారణం. పాత ఎనామిల్ పొరల్లో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు ముందు వేసిన రంగులో ఏముందో కంటికి తెలియదు. మాస్కు కట్టుకున్న పనివాళ్లు గోడను తడిపి గీకాలి. ఆ తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి.

గోడ యజమాని నుంచి, అది పాఠశాలదైతే ప్రధానోపాధ్యాయుని నుంచి, మున్సిపాలిటీదో పంచాయతీదో అయితే కమిషనర్ లేదా కార్యదర్శి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కనీసం మూడేళ్లు దాని మీద సున్నం వేయబోమని, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటించనివ్వబోమని అందులో ఉండాలి. బొమ్మలో నాయకుల ముఖాలు, పార్టీ రంగుల జోడింపులు, గుర్తులను పోలినవి వద్దు. ఎన్నికల కోడ్ వచ్చిన రోజు గోడరాతలు తుడిచేవాళ్లు ఆలోచించడానికి ఆగరు.

కొలతలు, సరుకు

24 అడుగుల పొడవు, 7 అడుగుల ఎత్తు ఈ జట్టుకు సరిపోతుంది. ఒక్కొక్కరికి మూడడుగుల చోటు వస్తుంది. నిచ్చెన అవసరం రాదు. మత్తు కలిగించే మందులు వాడేవాళ్లను, మూర్ఛ ఉన్నవాళ్లను నిచ్చెన, పరంజా ఎక్కించకూడదు. ఎవరు ఎక్కవచ్చో ఎవరు వద్దో అందరి ముందు విడదీస్తే వాళ్ల జబ్బును చాటినట్టే. అందుకే ఎవరూ ఎక్కని గోడను ఎంచుకోవడం మేలు. పై అడుగు ఆకాశంగా ఒకే రంగు వదిలేసి, కర్రకు బిగించిన రోలర్‌తో వేయించండి. కింది అడుగు మన ఇళ్లకు జాజు పట్టె వేసినట్టు ముదురు రంగు పట్టెగా ఉంచండి. వాన చినుకులకు మట్టి చిందేదీ, నేల చెమ్మ ఎక్కేదీ అక్కడే. అది పాడైనా మళ్లీ ఒక పూటలో వేసుకోవచ్చు, ఎవరి బొమ్మా పోదు.

గోడ మొత్తం 168 చదరపు అడుగులు. బయటి గోడల ప్రైమర్ 2 లీటర్లు ఒక పూతకు వస్తుంది. దాని మీద తెల్ల ఎమల్షన్ రెండు పూతలు, 4 లీటర్లు. రంగులకు: పసుపు 2 లీటర్లు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, జాజు రంగు తలా ఒక లీటరు, నలుపు అర లీటరు, కలుపుకోవడానికి తెలుపు ఇంకో 2 లీటర్లు. పసుపు ఎక్కువ ఎందుకంటే అది కింది రంగును సరిగా కప్పదు, మూడు పూతలు పడుతుంది. అన్నీ బయటి గోడల యాక్రిలిక్ ఎమల్షనే కావాలి. డిస్టెంపర్ వానకు కడుక్కుపోతుంది. ఎనామిల్ వద్దు, దాంతోపాటు వచ్చే టర్పెంటైన్, థిన్నర్ అసలే వద్దు. ఆ వాసనకు తల నొప్పి సరే, జట్టులో ఎవరికైనా థిన్నర్ పీల్చే అలవాటు ఉండి మానేసి ఉంటే, అది మళ్లీ మొదలవడానికి సీసా మూత తీయడమే చాలు.

తెల్ల ఎమల్షన్‌లో స్టెయినర్ (చిక్కటి రంగు ద్రావణం) కలిపి ముదురు రంగులు చేద్దామనుకుంటే లేతవే వస్తాయి. ముదురు రంగు కోసం ఇంకా ఇంకా పోస్తే పొర బలం తగ్గి చేతికి అంటుకుంటుంది. లీటరుకు 30 మి.లీ. మించకండి. ముదురు రంగులు దుకాణంలో మెషీన్ మీదే కలిపించుకోండి. జాజు, పసుపు మట్టి లాంటి ఇనుప ఆక్సైడ్ రంగులు మన ఎండకు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మెరిసే గులాబీ, మెరిసే ఎరుపు త్వరగా వెలిసిపోతాయి, వాటిని చిన్న చోట్లకే వాడండి.

లప్పం గోడంతా పెట్టించకండి. గుంటలు, పగుళ్లు పూడ్చడానికి తెల్ల సిమెంటుతో చేసిన బయటి లప్పం పలుచగా చాలు. కొంచెం గరుకుగా ఉన్న గోడ రంగును బాగా పట్టుకుంటుంది, పైగా వణికిన గీతను దాచుకుంటుంది.

రెండంగుళాల బ్రష్‌లు 4, అంగుళం బ్రష్‌లు 8, గుండ్రటి సన్న బ్రష్‌లు 6, చిన్న రోలర్లు 2, స్పాంజి ముక్కలు. రంగు పంచడానికి మూతలున్న పెరుగు డబ్బాలు ముప్పై దాకా పోగుచేయండి. ఒక్కో డబ్బాలో 100 మి.లీ. కంటే ఎక్కువ పోయవద్దు. అది ఒక పూతకు పది చదరపు అడుగులు వస్తుంది. ఒలికినా నష్టం తక్కువ, ఉత్సాహం హద్దు దాటిన మనిషి పక్కవాళ్ల చోటు కూడా నింపేయకుండా సహజంగా ఆగుతాడు. నీళ్లు కలపడం పెయింటర్ పని. పిల్లలకు వదిలితే పలుచన చేస్తూ పోతారు, రంగు గోడ మీద కారుతుంది. కలపడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి, ఉప్పు బోరు నీళ్లు వద్దు. బ్రష్‌లు కడిగిన నీళ్లు పశువుల తొట్టికి, కుంటకు, కాలువకు దూరంగా పొడి నేల మీద పోయండి.

పది వారాలు

దసరా తర్వాత మొదలుపెట్టి జనవరి ఆఖరుకు ముగించండి. వాన ఉండదు, ఎండ తక్కువ, ఇంటర్ పిల్లలకు పరీక్షలు ఇంకా దగ్గరపడవు. వారానికి ఒకసారి, గంటన్నర. వీలైతే వాళ్లు మందులకు ఆసుపత్రికి వచ్చే రోజే పెట్టండి, ఊరి నుంచి రెండుసార్లు రావాల్సిన పని ఉండదు. అమ్మాయిలకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. అబ్బాయిల చార్జీలను మీ లెక్కలో రాసుకోండి. ఒక్క టికెట్టు డబ్బుల కోసం మానేసిన పిల్లవాడు ఆ సంగతి చెప్పడు, "మనసైతలేదు" అంటాడు.

18 ఏళ్లు నిండినవాళ్ల సమ్మతి వాళ్లదే. నిండనివాళ్లకు తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్లల ఇష్టం కూడా విడిగా అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్సలో ఉన్న మనిషి ఫొటోగానీ వివరంగానీ వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదు. ఇంకా జాగ్రత్తగా ఉండి, ముఖాలు కనిపించే ఫొటోలే తీయవద్దని నియమం పెట్టుకోండి. చేతులు, బ్రష్‌లు, గోడ చాలు. విలేకరి వస్తే రోడ్డు వైపు మనిషే మాట్లాడాలి.

మొదటి రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ 'డబ్ల్యూహెచ్ఓ-5' ప్రశ్నలు ఐదు అడగండి. గత రెండు వారాలు ఎలా గడిచాయో ఒక్కోదానికి 0 నుంచి 5 దాకా గుర్తు పెడతారు. మొత్తం 25లో 13 కంటే తక్కువ వచ్చినవాళ్ల సంగతి డాక్టర్‌కు చెప్పాలి. చివరి వారం మళ్లీ అడిగి పోల్చండి. తేడా వస్తే అంతా బొమ్మ వల్లే అని రాసుకోకండి, అదే సమయంలో మందులూ నడుస్తున్నాయి.

మొదటి మూడు వారాలు గదిలో, కాగితం మీద. "నీ బాధను గీయి" అని ఎప్పుడూ అడగవద్దు. ఆ ప్రశ్నకు ఖాళీ కాగితమో, వాళ్లే భయపడే బొమ్మో వస్తుంది. చేతికందే సంగతులు అడగండి: ఇంటి నుంచి బస్టాండు దాకా దారిలో ఏముంటయ్? బతుకమ్మకు పూలు ఎక్కడ కోస్తరు? మీ చేను గట్టు మీద ఏ చెట్టు? గునుగు, తంగేడు, బత్తాయి తోట, బాలానగర్ సీతాఫలం, బోరు పంపు, మేకల మంద వస్తాయి. ముంబై బస్సు కూడా వస్తుంది. పాలమూరు పిల్లలకు అది అమ్మా నాయిన ఎక్కిపోయిన బస్సు. దాన్ని గీసినవాళ్ల దగ్గర కూర్చోండి, వాళ్లు చెబితే వినండి, గోడ మీదికి రావాలా వద్దా అన్నది వాళ్లకే వదిలేయండి. నల్ల రంగు వాడితే దిగులు, కిటికీ లేని ఇల్లు గీస్తే ఒంటరితనం అని అర్థాలు తీయకండి. అది తప్పు, వాళ్లు కూడా పసిగట్టి మీకు నచ్చే బొమ్మలు గీయడం మొదలుపెడతారు. "దీని గురించి చెప్తవా?" అంతే.

"నాకు గీయొస్తలేదు" అనేవాళ్లకు చుక్కల ముగ్గుతో మొదలుపెట్టించండి. చుక్కలు ఉన్నాయి కాబట్టి తప్పుపోతామన్న భయం తగ్గుతుంది. పోచంపల్లి, పుట్టపాక ఇక్కత్ నమూనాలు ఇంకా పనికొస్తాయి. ఇక్కత్‌లో రంగు అంచులు సహజంగానే చెదిరినట్టు ఉంటాయి. లిథియం, వాల్‌ప్రోయేట్ లాంటి మందుల వల్ల చేయి వణికేవాళ్లు వేసినా అది లోపంగా కనిపించదు.

నాలుగో వారం అందరి బొమ్మల్లోంచి ఒక కూర్పు. ఓటింగు పెట్టవద్దు. ఓడిన బొమ్మ గీసినవాళ్లు ఐదో వారం రారు. ప్రతి ఒక్కరి నుంచి కనీసం ఒక ముక్క ఉండేలా ఒక పెద్ద ఆకారంలోకి తేవాలి. మహబూబ్‌నగర్ దగ్గరి పాత మర్రిచెట్టు, పిల్లలమర్రి, మంచి ఆకారం. ఆ మహావృక్షానికి చెద పడితే 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, కొమ్మల్లోకి చుక్కలు చుక్కలుగా చెద మందు ఎక్కించారు. మర్రికి మందు ఎక్కించడంలో ఎవరూ సిగ్గుపడలేదు. ఊడల మధ్య ఒక్కో చోటు ఒక్కొక్కరి బొమ్మకు ఇవ్వవచ్చు. మనిషి చావును, ఉరితాడును, పురుగుల మందు డబ్బాను గోడ మీదికి తేకూడదని ఈ రోజే అందరూ అనుకోవాలి. గదిలో కాగితం మీద వస్తే దాచవద్దు, అది మానసిక ఆరోగ్య సిబ్బందితో మాట్లాడాల్సిన సంగతి. రోడ్డు మీద ఆ బొమ్మ ఇంకెవరి కంట పడుతుందో తెలియదు.

ఐదో వారం, ఆ కూర్పును గోడంత పెంచి గీయడానికి, గోడ మీదికి గళ్లు. మధ్యలోని 5 అడుగుల భాగంలో అడుగు చదరపు గళ్లు 120 వస్తాయి. డ్రాయింగ్ చార్టు మీద అంగుళానికి అడుగు లెక్కన అదే గళ్లు గీసి, నిలువు వరుసలకు 1 నుంచి 24, అడ్డ వరుసలకు అ, ఆ, ఇ, ఈ, ఉ రాయండి. "ఇ-14 ఎవరిది?" అని పిలుచుకోవడం పిల్లలకు ఇష్టంగా ఉంటుంది. మేస్త్రీలలాగా నూలు దారానికి లేత రంగు చాక్‌పీస్ పొడి పూసి, ఇద్దరు పట్టుకుంటే మూడోవాళ్లు లాగి కొట్టాలి. గీతలు చాక్‌పీస్‌తో, పెన్సిల్‌తో మాత్రమే. పర్మనెంట్ మార్కర్‌తో గీస్తే నాలుగు పూతల మీది నుంచి కూడా ఊదాగా ఊరి వస్తుంది, ఆ గోడకు తర్వాత మందు లేదు.

ఆరు నుంచి తొమ్మిది వారాలు రంగులు. పెద్ద నేపథ్యాలు ముందు, దూరపు వస్తువులు తర్వాత, దగ్గరివి చివర. పూతకూ పూతకూ నాలుగు గంటల ఎడం కావాలి, అంటే ఒక రోజుకు ఒకే పూత. ప్రతి వారం ఒకే తీరుగా మొదలుపెట్టండి: పది నిమిషాలు కూర్చుని పోయిన వారం వేసింది చూడటం, గంట పని, చివరి ఇరవై నిమిషాలు బ్రష్‌లు కడగడం, చాయ్. కడగడాన్ని తొందరగా ముగించకండి, అసలైన మాటలు బకెట్టు దగ్గరే వస్తాయి.

మందులు, చేతులు, మనసు

నవంబరులో కూడా మూడింటికి ఎండ ఉంటుంది. లిథియం వాడేవాళ్ల ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు పెరిగి విషమిస్తుంది. వాంతులు, విరేచనాలు, చేయి బాగా వణకడం, నడక తూలడం కనిపిస్తే పని ఆపించి ఆసుపత్రికి తీసుకుపోవాలి. ట్రైహెక్సిఫెనిడిల్ అనే మందు చెమటను తగ్గిస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది. క్లోర్‌ప్రొమజైన్ వాడేవాళ్ల చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. నీడ, టోపీ, అరగంటకోసారి అందరికీ మంచినీళ్లు. ఒక్కరికే ఇస్తే గుర్తుపట్టేస్తారు.

ఒకచోట నిలబడలేక కాళ్లు మార్చుకుంటూ, అటూ ఇటూ తిరిగే పిల్లవాడిని "ఓపిక పట్టు బిడ్డా" అని గదమాయించకండి. అది మందు వల్ల వచ్చే అకథీసియా కావచ్చు. చాలా బాధ పెడుతుంది, డాక్టర్‌కు చెబితే తగ్గించే దారి ఉంది. ఆ రోజుకు నీళ్లు మోసే పని, డబ్బాలు నింపే పని ఇవ్వండి. వణికే చేతికి బ్రష్ పిడి చుట్టూ పాత సైకిల్ ట్యూబు చుట్టి లావు చేయండి, లేదా స్టెన్సిల్, స్పాంజి ఇవ్వండి. స్టెన్సిళ్లకు పాత ఎక్స్‌రే ఫిల్ములు బాగుంటాయి. కోసే ముందు వాటి మీది రోగి పేరు కత్తిరించి పారేయండి. బ్లేడ్లు, కట్టర్లు పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి, ముందూ వెనకా లెక్కపెట్టుకోవాలి. మణికట్టు మీద గాట్లున్న పిల్లలు దాచుకోవాలనుకుంటారు. అందరికీ పొడుగు చేతుల పాత చొక్కాలు ఇస్తే ఎవరూ అడగాల్సిన పని ఉండదు.

ఒకే గడిని మళ్లీ మళ్లీ వేసేవాళ్లుంటారు. "ఒక గడికి మూడు పూతలే" అనే నియమం అందరికీ పెట్టండి. అసలు మొదలుపెట్టలేనివాళ్లకు రంగు పోసిన డబ్బా, గీత గీసిన ఒక్క గడి చూపండి, పక్కనే మీరూ ఒక గడి వేయండి.

ఎప్పుడో ఒకరోజు ఒకరి బొమ్మ మీద ఇంకొకరు రంగు వేస్తారు. పూర్తిగా పొరపాటే అయినా గొడవవుతుంది. అప్పుడు పెయింటర్ తెల్లరంగు తెచ్చి చకచకా కప్పేయడం చెడ్డ పరిష్కారం. పని ఆపి, ఇద్దరినీ గోడకు దూరంగా కూర్చోబెట్టి, ఎవరి బొమ్మ పాడైందో వాళ్లనే ముందు అడగాలి: పాతది మళ్లీ వేద్దామా, కొత్తదాన్ని కలుపుకుందామా? ఎమల్షన్ మీద మరుసటి వారం మళ్లీ వేయవచ్చు. పాడైంది బాగుపడుతుందని చూడటానికి ఇంత తేలికైన చోటు ఆ పిల్లలకు ఇంకెక్కడా దొరకదు, దాన్ని తొందరలో పోగొట్టకండి.

ఎవరైనా రావడం మానేస్తే వాళ్ల గడిని ఇంకొకరికి ఇచ్చేయకండి. ఫోన్ చేసి, "నీ ఈ-9 అట్లనే ఉంది" అని చెప్పండి. రానంటే, ఏం చేయమంటారో వాళ్లనే అడగండి.

చనిపోవాలనుంది అని ఎవరైనా అంటే, మాట మార్చకుండా మానసిక ఆరోగ్య సిబ్బంది పక్కకు కూర్చోబెట్టి నేరుగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా బస్సెక్కించి పంపవద్దు; ఇంటివాళ్లు వచ్చేదాకా ఒకరు ఉండాలి, అదే రోజు సైకియాట్రీ విభాగానికి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ప్రతి ఒక్కరి ఫోనులో మొదటి రోజే ఉండాలి.

చివరి వారం, ఆ తర్వాత

పదో వారం రంగు ముట్టవద్దు. బొమ్మ ముందు కూర్చుని, ఎవరు ఏది వేశారో ఒకరికొకరు చూపించుకోవాలి. ఈ జట్టు ఆగిపోతోందన్న సంగతి ఆ రోజే చెబితే దెబ్బలా తగులుతుంది, ఏడో వారం నుంచే గుర్తుచేస్తూ రండి. సంతకం వాళ్లిష్టం: పేరు, పొడి అక్షరం, చేతి ముద్ర, లేదా ఏదీ వద్దు. గోడ మూలన "మన ఊరి యువత" అని రాసి, పక్కన ఏ సంవత్సరమో అంకెల్లో వేస్తే చాలు. ఆసుపత్రి పేరు, జబ్బు పేరు, "రోగులు" అనే మాట ఆ గోడ మీద ఉండకూడదు. ప్రారంభోత్సవం చేస్తే వేదిక మీదికి పిల్లలను పిలిచి పరిచయం చేయవద్దు. వాళ్లు గుంపులో ఒకరిగా నిలబడి, తమ బొమ్మను జనం చూస్తుంటే చూడాలి.

చివరి పూత ఆరి వారం గడిచాక బయటి గోడలకు వాడే నీటి ఆధారిత క్లియర్ కోటు ఒకటి వేయించండి. లోపలి గోడల వార్నిష్ వేస్తే ఎండకు పచ్చబడుతుంది. తలకట్టు మీద నీళ్లు గోడ మీదికి కారకుండా సిమెంటుతో బయటికి వాలు చేయించండి. వానాకాలం దాటాక, అక్టోబరులో, గోడను దగ్గరగా చూడండి: మొదట పగిలేది పగుళ్లు పూడ్చిన చోట్లు, కింది పట్టె. నీళ్లు కలపని రంగు ప్రతిదీ 200 మి.లీ. గట్టి మూత సీసాల్లో, గడుల అంకెలు రాసి దాచిపెట్టండి. నీళ్లు కలిపినది కొద్ది రోజుల్లో కుళ్లిపోతుంది, దాన్ని ఉంచి లాభం లేదు. మరమ్మతుకు ముందు ఆ గడి వేసినవాళ్లకు కబురు పెట్టండి, వస్తామంటే బ్రష్ వాళ్ల చేతికే ఇవ్వండి.